పద్నాలుగో ప్రశ్న కింద నా సంతకం

2006 జూన్‌లో నన్ను తెనాలిలోని మా ట్రస్టు ఆసుపత్రి ల్యాబుకు ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి అదే ల్యాబులో బయోకెమిస్టుగా పదకొండేళ్ళు పనిచేసి ఉన్నాను. ఆ కుర్చీతో పాటు ఇంకో బాధ్యత కూడా నెత్తిన పడింది. ఆసుపత్రికి ఏ యంత్రం కొనాలన్నా తేల్చే పర్చేజ్ కమిటీలో సాంకేతిక సభ్యురాలిని నేనే. ఏ మిషను కావాలో, ఏ కంపెనీది పనికొస్తుందో రాసి సంతకం పెట్టడం నా పని. ధర బేరాలు వేరేవాళ్ళవి. చివరి మాట మెడికల్ సూపరింటెండెంట్ గారిది.

తెనాలిది పెద్దాసుపత్రి. బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి చిన్న యూనిట్లు ఉండేవి. అక్కడ రక్తం తీయడమే గానీ పరీక్ష చేసే ఏర్పాటు లేదు. రక్తం గడ్డకట్టాక పైన తేరే పసుపు నీటిని సీరం అంటారు. దాన్ని వేరుచేసి చిన్న గొట్టాల్లో పోసి, ఐసు డబ్బాలో పెట్టి మాకు పంపేవారు. బాపట్ల డబ్బా ఓ అటెండరు చేతిలో రైల్లో వచ్చేది. రేపల్లె డబ్బా మాత్రం సువార్తమ్మ గారి ఒళ్ళో కూర్చుని వచ్చేది.

సువార్తమ్మ గారు మా సీనియర్ టెక్నీషియన్. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. ఊరు రేపల్లె. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున ప్యాసింజర్లో తెనాలి రావడం, సాయంత్రం ఐదున్నర బండికి వెళ్ళిపోవడం. ఆవిడ స్టేషనుకు బయల్దేరితే మా ల్యాబులో గడియారం సరిచేసుకునేవారు. ఆదివారం లూథరన్ చర్చిలో ఆవిడ పాట వినాల్సిందే అని చెప్పేవారు గానీ, ల్యాబులో ఆవిడ గొంతు పక్క బల్లకు కూడా వినపడేది కాదు.

డాక్టరుకు హస్తవాసి ఉంటుందంటారు. మా దగ్గర అది ఈ టెక్నీషియన్‌కు ఉండేది. ఎవరికీ దొరకని నరం ఆవిడ వేలికి దొరికేది. చంటిపిల్లలు సూది గుచ్చాక ఏడవాలా వద్దా అన్నట్టు ఆవిడ మొహంలోకి చూసేవారు. కొత్త కిట్టు వస్తే సీలు ఆవిడ తీస్తేనే పరీక్షలు సరిగ్గా వస్తాయని అందరి నమ్మకం. నేను ఎమ్మెస్సీ చదివినదాన్ని, ఇట్లాంటివి నమ్మను. అయినా ప్రతి కిట్టూ ఆవిడ చేతే తెరిపించేదాన్ని. మనదేం పోయింది?

అంతకుముందు ఏడాది చివర్లో ఆవిడ భర్త యేసుపాదం మాస్టారికి పక్షవాతం వచ్చింది. రిటైరైన బడిపంతులు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది. సువార్తమ్మ గారు తెల్లవారుజామునే లేచి ఆయనకు స్నానం చేయించి, చొక్కా తొడిగి, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి రైలెక్కేవారు. మధ్యాహ్నం పక్కింటి మస్తాన్‌బీ వచ్చి అన్నం తినిపించి వెళ్ళేది. మిగతా రోజంతా ఆయన ఆ కుర్చీలోనే.

ఆవిడ రేపల్లెకు బదిలీ అడిగారు. అడిగింది ఒక్కసారే, అదీ కాగితం మీద. ఆఫీసు వాళ్ళు కుదరదన్నారు. రేపల్లెలో మిషను లేదు, మిషను లేనిచోట టెక్నీషియన్ పోస్టు ఉండదు. రూలు తప్పు కాదు. అందుకే నేను ఇన్‌చార్జి అయిన రెండో నెలలో మూడు ఆటో ఎనలైజర్లు కొనాలని కమిటీకి రాశాను. చక్కెర, యూరియా, పొటాషియం లాంటివన్నీ తనంతట తానే కొలిచి కంప్యూటర్లో చూపించే మిషన్లవి. ముందు తెనాలికి ఒకటి. మూడు నెలలు సక్రమంగా పనిచేస్తే బాపట్లకు, రేపల్లెకు ఒక్కొక్కటి. రేపల్లెకు ఎందుకని అడిగితే రోగుల సంఖ్య చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ నా మనసులో మొదటి కారణం కిటికీ పక్క కుర్చీ.

కమిటీ సరే అంది. కంపెనీ కొటేషన్లు వచ్చాయి. ఇక ఆర్డరు పెట్టడమే తరువాయి అనుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదుగా. ఇంతియాజ్ అడ్డొచ్చాడు.

ఇంతియాజ్ మా సిస్టమ్స్ ఆఫీసరు. ముప్ఫై నిండలేదు. తెనాలి పిల్లవాడే, తండ్రి మార్కెట్ దగ్గర దర్జీ. మూడు కాలమ్‌లు కొట్టిన ఓ షీటు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇకమీదట కంప్యూటరు ఉన్న ఏ మిషను కొన్నా కంపెనీ ఈ పంతొమ్మిది ప్రశ్నలకూ జవాబు రాయాలట. యాంటీవైరస్ ఉందా? పెన్‌డ్రైవ్ పెట్టే చోటు మూసేయొచ్చా? కంపెనీ ఇంజినీరు ఫోను లైను ద్వారా మిషన్లోకి దూరితే ఎవరి అనుమతితో? ఎవరు ఏ పని ఎప్పుడు చేశారో మిషన్లో నమోదవుతుందా? ఇలా.

నాకు ఒళ్ళు మండింది. ముందే నాకు ముక్కు మీద కోపం. "బాబూ, నేను కొనేది పొటాషియం చూసే మిషను. బ్యాంకు కాదు" అన్నాను. అతను కోప్పడలేదు. అంతకుముందు వేసవిలో రెండు రోజులు బిల్లింగు కౌంటరు మూతపడిన సంగతి గుర్తుచేశాడు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన వైరస్ అది. ఆ పెన్‌డ్రైవ్ మా ల్యాబుదేనని అతను నోరు తెరిచి అనలేదు. అనకపోవడంతో నాకింకా మండింది.

కంపెనీ ప్రతినిధి షీటు చూసి బిక్కమొహం వేశాడు. మిషను తాలూకు కంప్యూటర్లో యాంటీవైరస్ వేస్తే ఫలితాలకు మేం పూచీపడం అన్నాడు. వెయ్యకపోతే ఆసుపత్రి నెట్‌వర్కుకు తగిలించనివ్వను అన్నాడు ఇంతియాజ్. మధ్యలో నేను. ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. దసరా అయిపోయింది, క్రిస్మసు వచ్చింది. సువార్తమ్మ గారు మాత్రం ఏమీ అడిగేవారు కాదు. పొద్దున డబ్బా దించి, "మిషను సంగతేమన్నా తెలిసిందాండీ?" అని కూడా అనేవారు కాదు. నేనే కొలీగ్స్ దగ్గర ఇంతియాజ్‌ని తిట్టుకునేదాన్ని. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని.

చివరికి దారి చూపించింది ఆ పిల్లకాకే. మిషనుకూ ఆసుపత్రి నెట్‌వర్కుకూ మధ్య విడిగా ఇంకో కంప్యూటరు పెట్టించాడు. మిషను దానితోనే మాట్లాడుతుంది, అది మిగతా వాటితో మాట్లాడుతుంది. పెన్‌డ్రైవ్ చోట్లకు సీళ్ళు వేశాడు. ఇంజినీరుకు ఫోను లైను కావలసినప్పుడు తను పక్కన నిలబడి ఇస్తానన్నాడు. కంపెనీ ఒప్పుకుంది. 2007 జనవరిలో తెనాలి మిషను వచ్చింది.

ఇక మిగిలింది పద్నాలుగో ప్రశ్న. ప్రతి టెక్నీషియనూ తన సొంత లాగిన్‌తోనే పనిచేస్తున్నారా? దీనికి జవాబు రాయాల్సింది కంపెనీ కాదు, ల్యాబు ఇన్‌చార్జి. నెలకోసారి, మూడు నెలలు. ఆ మూడు సంతకాలూ చూశాకే బాపట్ల, రేపల్లె ఆర్డర్లు. ఇంతియాజ్ ఆరుగురు టెక్నీషియన్లకూ, నాకూ పేర్లు, పాస్‌వర్డులు తెల్ల కవర్లలో పెట్టి ఇచ్చాడు. పరీక్ష హాలు టిక్కెట్లిచ్చినట్టు సంతకాలు తీసుకుని మరీ ఇచ్చాడు.

ఇప్పుడు మా వాళ్ళు చేసిన ఘనకార్యం చెప్పాలి. రోజూ పొద్దున రోగుల నమూనాలు పెట్టే ముందు కంట్రోల్ అనే సీరం పెడతాం. దాని విలువ ముందే తెలిసి ఉంటుంది. మిషను ఆ విలువే చూపిస్తే ఆ రోజు పని మొదలుపెట్టవచ్చు. మొదటి రోజు ఒక టెక్నీషియన్ తన పేరుతో తెరిచి కంట్రోల్ పెట్టాడు, తప్పింది. రెండో రోజు ఇంకొకరు తెరిచారు, మళ్ళీ తప్పింది. మిషను తగినంత వేడెక్కకముందే తొందరపడ్డారు, అంతే. మూడో రోజు సువార్తమ్మ గారు తన పేరుతో తెరిచారు. అన్నీ గీటుగీసినట్టు వచ్చాయి. అంతే, తేలిపోయింది. మిషనుకు కూడా ఆవిడ హస్తవాసే కావాలి!

పొద్దున ఆవిడ చేత తెరిపించడం వరకైతే ఫరవాలేదు. ఒకరి లాగిన్ మూసి ఇంకొకరిది తెరవాలంటే ఆ సాఫ్ట్‌వేరు మొత్తం ఆగి మళ్ళీ మొదలయ్యేది. నాలుగైదు నిమిషాలు. వార్డు నుంచి ఫోను మోగుతుంటే, ముప్ఫై గొట్టాలు వరసలో ఉంటే ఎవరు మూస్తారు? పైగా మంచి చేతితో తెరిచినదాన్ని మూయడం దేనికని ఒకరు. పొద్దున ఎనిమిదికి ఆవిడ పేరుతో తెరుచుకున్న మిషను మర్నాడు ఎనిమిదిదాకా ఆ పేరుతోనే నడిచేది. ఆవిడ పాస్‌వర్డు ప్లాస్టరు ముక్క మీద రాసి కీబోర్డు అడుగున అంటించారు. మిగతా ఆరు కవర్లూ బీరువాలో పడున్నాయి. అందులో నాది కూడా ఒకటి.

నాకు తెలియదనను. కళ్ళారా చూశాను. ఫిబ్రవరి నెలాఖరున ఇంతియాజ్ వరండాలో ఎదురై, "అందరూ ఎవరి లాగిన్‌తో వాళ్ళే చేస్తున్నారా మేడమ్?" అని అడిగాడు. "చేస్తున్నారు బాబూ" అన్నాను. అతని మొహంలోకి చూసే చెప్పాను. షీటు మీద 'అవును' అని టిక్కు పెట్టి సంతకం చేశాను. మార్చిలో రెండోది. ఇంకొక్క సంతకం పెడితే రేపల్లె మిషను. లోపాలు తర్వాత సరిచేసుకోవచ్చులే, ముందు ఆవిడ గట్టెక్కాలి అనుకున్నాను. వ్రతం చెడ్డా ఫలం దక్కాలని నా ఆశ.

ఏప్రిల్లో బాపట్ల యూనిట్ డాక్టరు గారి దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది. సూర్యలంక నుంచి చేపలు పట్టే అతన్ని వాంతులు, నీరసంతో తెచ్చి చేర్చారు. మేం పంపిన రిపోర్టులో అతని పొటాషియం 6.9 అని ఉంది. అంత ఉంటే గుండె ఏ క్షణాన్నైనా ఆగవచ్చు. డాక్టరు గారు ఈసీజీ తీస్తే మామూలుగా ఉంది. అనుమానమొచ్చి మందు ఇవ్వకుండా ఆగి, మర్నాడు మళ్ళీ రక్తం పంపారు. 3.1 వచ్చింది. అంటే ఉండాల్సినదానికన్నా తక్కువ. ఆయన మొదటి కాగితాన్ని నమ్మి తగ్గించే మందు ఇచ్చి ఉంటే ఆ మనిషి దక్కేవాడు కాదు. ఆ 6.9 మా వార్డులోనే ఉన్న ఓ కిడ్నీ రోగిది. రెండు రిపోర్టులూ తారుమారయ్యాయి. ఆ రోగికి ఎటూ మర్నాడు పొద్దున్నే డయాలసిస్ ఉండబట్టి సరిపోయింది. ఇద్దరూ బతికారు.

సూపరింటెండెంట్ గారు విచారణ వేశారు. ఇంతియాజ్ మిషన్లో నమోదైన వివరాలు అచ్చుతీసి తెచ్చాడు. నమూనాల నంబర్లు ఎక్కించిన సమయం సాయంత్రం ఆరు గంటల యాభై రెండు నిమిషాలు. ఎక్కించినవారు: సువార్తమ్మ.

ఆ సమయం చూడగానే నాకు అంతా గుర్తొచ్చింది. ఆ సాయంత్రం డ్యూటీ టెక్నీషియన్ క్యాజువాలిటీకి రక్తం తీయడానికి వెళ్ళాడు. అర్జెంటు గొట్టాలు రెండు వచ్చి ఉన్నాయి, బాపట్లది ఒకటి, మా వార్డుది ఒకటి. నేనే వెళ్ళి మిషన్లో పెట్టాను. చెవికి ఫోను, అవతల కంపెనీ ప్రతినిధి. రేపల్లె మిషను ఎప్పుడు పంపగలవని అతన్ని నిలదీస్తూ, ఒక చేత్తో నంబర్లు కొట్టాను. రెండూ ఒకదాని బదులు ఒకటి కొట్టాను. తెర మీద సువార్తమ్మ గారి పేరు ఉంది. అది అక్కడ ఎప్పుడూ ఉండేదే, దాన్ని చూడటం మానేసి చాలా రోజులైంది.

విచారణ గదిలో నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. సువార్తమ్మ గారిని పిలిచారు. ఇది మీరు చేసిందేనా అని సూపరింటెండెంట్ గారు అడిగారు. ఆవిడ కాగితం చూశారు, సమయం చూశారు. "నా పేరే ఉంది కదండీ. నా పొరపాటేనండి" అన్నారు. అదే మాట తెల్లకాగితం మీద రాసిచ్చారు. ఇంతియాజ్ ఆవిడ వైపు కాకుండా నా వైపు చూశాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను. మెమో తయారుచేయమని సూపరింటెండెంట్ గారు ఆఫీసుకు చెప్పారు. సోమవారం సంతకం.

ఆ సాయంత్రం నేను ఐదున్నర బండిలో ఆవిడతో పాటు రేపల్లె వెళ్ళాను. ఎందుకు వస్తున్నానని ఆవిడ అడగలేదు. కిటికీ పక్క సీటు నాకిచ్చి, సంచిలోంచి సపోటా తీసి, తొక్క ఒలిచి చేతిలో పెట్టారు. రైల్లో విచారణ ఊసే రాలేదు. వేమూరు దాటాక ఒకే మాటన్నారు, "మా ఆయన మీరొస్తున్నారంటే మంచి చొక్కా వేసుకునేవారండి, చెప్పకుండా వచ్చేశాం" అని.

ఇంట్లో ఆయన కుర్చీలోనే ఉన్నారు. పొద్దున తొడిగిన చొక్కా, మెడదాకా పెట్టిన బొత్తాలు, ఏప్రిల్ ఎండకు తడిసి ఎండిన చెమట చారలు. ఒక చేత్తో బొత్తాలు విప్పుకోవడం ఆయనకు చేతకాదు. ఆవిడ చెప్పులు విడుస్తూనే వెళ్ళి బొత్తాలు విప్పారు, తడిగుడ్డతో మెడ తుడిచారు. "బండి... లేటా?" అన్నారాయన. "లేదు, మేడమ్ గారొచ్చారు, నడక నిదానమైంది" అని ఆవిడ. ఆయన ఎడమచేత్తో నాకు దణ్ణం పెట్టబోయి సిగ్గుపడ్డారు. ఇంతలో మస్తాన్‌బీ గుమ్మంలోకి వచ్చింది. "మాస్టారు సగమే తిన్నాడు వదినా, మజ్జిగ మాత్రం తాగాడు. రేపు మాకు గుంటూరులో పెళ్ళుంది, నేను రాలేను మరి" అంది. "పర్లేదులే వదినా, సెలవు పెడతా" అన్నారు సువార్తమ్మ గారు. ఆవిడకు ఆ ఏడాది సెలవులు అప్పటికే అయిపోయాయని నాకు తెలుసు. లీవు రిజిస్టరు నా బల్ల సొరుగులోనే ఉంటుంది.

పెరట్లో అరుగు మీద కూర్చున్నాక అడిగాను. చెయ్యని తప్పు ఎందుకు నెత్తిన వేసుకున్నారని.

"ఆరు యాభై రెండుకి నేను రేపల్లెలో ఉన్నానండి. డ్యూటీ ఆయన క్యాజువాలిటీలో ఉన్నాడంట. ఇంక ల్యాబులో ఉండేదెవరండి, మీరే కదా!" అన్నారు.

"తెలిసి ఒప్పుకున్నారా?"

"మీరని తెలిస్తే మిమ్మల్ని కమిటీలోంచి తీసేస్తారు. మీరు లేకపోతే రేపల్లె మిషను గురించి మాట్లాడేవాళ్ళెవరండీ? నాకైతే ఓ కాగితం ఇచ్చి జాగ్రత్తగా ఉండమంటారు. ముప్ఫై ఏళ్ళలో ఒక కాగితం, ఏమవుద్ది?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందే ఏడ్చాను. ఆవిడ లెక్క జాగ్రత్తగానే వేసుకున్నారు గానీ, ఒక రూలు ఆవిడకు తెలియదు. మెమో సర్వీసు పుస్తకంలో ఎక్కితే ఏడాదిపాటు బదిలీ అడగకూడదు. ఆ మాట చెప్పాను.

"ఏడాదా అండీ?" అన్నారు. మాస్టారు కూర్చున్న గది వైపు చూశారు. "నా సర్వీసు మిగిలిందే పద్నాలుగు నెలలండి."

నిజం రాసిస్తానని చెప్పాను. రాస్తే మిషనే ఆపేస్తారేమో అని ఆవిడ భయం. నాకూ అదే భయం. రాయకపోతే మాత్రం ఆవిడకు ఏమీ మిగలదని ఇద్దరికీ అర్థమైంది. లోపల్నుంచి మాస్టారు పిలిచారు. ఆవిడ లేస్తూ, "అయితే రాయండమ్మా. నేనూ అబద్ధం రాసిచ్చాను కదా, పొద్దుట్నుంచి నాకూ బాగోలేదు" అన్నారు. పన్నెండేళ్ళలో నన్ను మేడమ్ అనకుండా అమ్మా అన్నది అదే మొదటిసారి.

మర్నాడు సూపరింటెండెంట్ గారికి ఉత్తరం రాశాను. రెండు విషయాలు. ఒకటి, నంబర్లు తారుమారు చేసింది నేను. రెండు, పద్నాలుగో ప్రశ్న కింద ఫిబ్రవరిలోనూ, మార్చిలోనూ నేను పెట్టిన సంతకాలు అబద్ధం. మొదటిది రాయడం తేలికే. పొరపాటు ఎవరికైనా వస్తుంది. రెండోది రాయడానికి మూడు కాగితాలు చించాను. సువార్తమ్మ గారు తన కాగితం వెనక్కి తీసుకుంటూ ముందు రాత్రే ఇంకోటి రాసి నా చేతికిచ్చారు.

ఉత్తరం ఇచ్చే ముందు ఇంతియాజ్ గదికి వెళ్ళి చూపించాను. చదివి, సొరుగులోంచి ఓ కట్ట తీశాడు. మూడు నెలల వివరాలు. "ఈవిడ రోజుకు ఇరవై నాలుగు గంటలు పనిచేసినట్టుంది మేడమ్. ఆదివారాలు కూడా. ఆదివారం ఆవిడ చర్చిలో ఉంటారని మా అమ్మకు కూడా తెలుసు" అన్నాడు. మరి విచారణలో ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరే చెప్తారని చూశానండి. సోమవారందాకా టైముంది కదా. అప్పటికీ చెప్పకపోతే నేనే చెబుదామనుకున్నా" అన్నాడు. అతన్ని నేను ఆర్నెల్లు తిట్టుకున్నాను. ఆ మాట కూడా అక్కడే చెప్పేశాను. నవ్వాడు. "తెలుసండి. ల్యాబులో గోడలు పల్చన" అన్నాడు. తర్వాత ఓ ప్రశ్న అడిగాడు, ఇన్ని నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న. అసలు వాళ్ళెందుకు లాగిన్ మార్చరు?

నాలుగు నిమిషాల సంగతి చెప్పాను. అతను నా వెంట ల్యాబుకు వచ్చి, వాచీ పెట్టి చూశాడు. నాలుగు నిమిషాల నలభై సెకన్లు. ఆ గొట్టాల వరస చూశాడు, మోగుతున్న ఫోను చూశాడు. "ఇది నేను ముందే చూడాల్సిందండి" అన్నాడు.

కమిటీ కూర్చుంది. సూపరింటెండెంట్ గారు కోపిష్టి కాదు, కానీ ఆ రోజు గొంతు పెంచారు. సువార్తమ్మ గారి మీద మెమో రద్దయింది, నా మీద రాశారు. పర్చేజ్ కమిటీలోంచి నన్ను తీసేశారు. రేపల్లె, బాపట్ల మిషన్లు రద్దు చేద్దామని ఒక సభ్యుడన్నాడు. నాకు మాట్లాడే అర్హత లేదు. మాట్లాడింది ఇంతియాజ్. రద్దు వద్దు, మూడు నెలలు వాయిదా వేద్దాం, ఈసారి టిక్కులు కాదు, మిషన్లో నమోదైన వివరాలు నేనే చూసి చెబుతాను అన్నాడు. తన షీటులో కూడా లోపం ఉందని ఒప్పుకున్నాడు. పంతొమ్మిది ప్రశ్నల కింద ఇరవయ్యోది చేర్చాడు: ఒకరి లాగిన్ నుంచి ఇంకొకరి లాగిన్‌కు మారడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? అరనిమిషం దాటితే ఆ మిషను కొనం. కంపెనీ ముందు కుదరదంది. ఆర్డరు పోతుందంటే నెలన్నరలో సాఫ్ట్‌వేరు మార్చి పంపింది. మారడానికి పన్నెండు సెకన్లు. కవర్లు బీరువాలోంచి బయటికొచ్చాయి. పొద్దున కంట్రోల్ మాత్రం సువార్తమ్మ గారే పెట్టేవారు, పెట్టి తన పేరు మూసేసేవారు. వాయిదా గడువు ముగిసేదాకా ఒక్కరోజు కూడా తేడా రాలేదు.

ఆగస్టులో రేపల్లెకు మిషను వచ్చింది, దాంతో పాటే పోస్టు, పోస్టుతో పాటే సువార్తమ్మ గారి బదిలీ. యూనిట్ నుంచి ఆవిడ ఇంటికి ఐదు నిమిషాల నడక. మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఆయనకు చొక్కా మార్చి, అన్నం తినిపించి వచ్చేవారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, ఆవిడ రిటైర్‌మెంటుకు నాలుగు నెలల ముందు, మాస్టారు పోయారు. మధ్యాహ్నం అన్నం తింటూ, ఆవిడ చేతి ముద్ద నోట్లో ఉండగా పోయారట. ఆవిడ ఇంట్లో ఉన్న వేళే పోయారని మస్తాన్‌బీ ఫోనులో పదేపదే చెప్పింది.

తర్వాత పదేళ్ళు సర్వీసు చేశాను. కొత్తగా చేరినవాళ్ళకు రెండు మాటలు చెప్పేదాన్ని. మనుషులు ఒక రూలు పాటించడం లేదంటే వాళ్ళను తిట్టే ముందు అది పాటించడానికి ఎంతసేపు పడుతుందో వాచీ పెట్టి చూడండి. ఇంకొకరి పేరుతో పనిచేస్తే, ఆ పేరు మీద మీకెంత గౌరవం ఉన్నా, మీ తప్పు మోసేది ఆ మనిషే. మూడోది ఎవరికీ చెప్పలేదు. నేను ఫిబ్రవరిలో 'లేదు' అని టిక్కు పెట్టి ఉంటే ఆ నాలుగు నిమిషాల సంగతి అప్పుడే తేలేది, మూడు నెలల వాయిదా పడినా మిషను జూన్‌లో రేపల్లె చేరేది. ఆ దంపతులకు పగటిపూట కలిసి అన్నం తినడానికి దొరికింది ఆరు నెలలు. నా సంతకాలు లేకపోతే ఎనిమిది దొరికేవి.